షట్టర్లు దించాక ఎవరి కోసం ఈ వైఫై?

అమీర్‌పేట కిరాయిదార్లారా! జిరాక్సు షాపు అన్నా! కోచింగ్ సెంటర్ అక్కా! మూడో అంతస్తు టైలరన్నా!

మొన్న రాత్రి టిఫిన్ డబ్బా మర్చిపోయి పదకొండింటికి మన కాంప్లెక్సుకి మళ్ళీ వచ్చాను. షట్టర్లన్నీ దించేసి ఉన్నాయి. వాచ్‌మన్ తాత కునుకు తీస్తున్నాడు. తలెత్తి చూస్తే వరండా కప్పుకి బారుగా నీలం లైట్లు! వైఫై డబ్బాలు! నెట్‌వర్క్ కుర్రాళ్ళు వీటిని ఏపీలంటారు. రాష్ట్రం కాదు లెండి, యాక్సెస్ పాయింట్లు. ప్రతి అంతస్తూ ఎక్కి లెక్కపెట్టాను. ముప్ఫై! ఒక్కటీ ఆగలేదు!

ఎవరి కోసం? బల్లుల కోసమా?

ఎవరూ వాడకపోతే కరెంటు తాగదులే అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకున్నా. తప్పు! అది తాగే కరెంటులో చాలా భాగం ఊరికే మేలుకొని ఉండటానికే పోతుంది. సెకనుకు పదిసార్లు "నేనున్నా, నేనున్నా" అని తన పేరు చాటుకుంటూనే ఉంటుంది. నాలుగు నెట్‌వర్క్ పేర్లు పెడితే నలభైసార్లు! ఖాళీ వరండాలో, తెల్లవార్లూ!

డబ్బాకు పది వాట్లు వేసుకోండి. ముప్ఫైకి మూడొందలు. రాత్రి తొమ్మిదిన్నర నుంచి పొద్దున ఆరున్నర దాకా, ఆదివారాలైతే రోజంతా. నెల తిరిగేసరికి దగ్గర దగ్గర వంద యూనిట్లు! యూనిట్ పది రూపాయలనుకున్నా వెయ్యి. ఏడాదికి పన్నెండు వేలు. ఎవరి జేబులోంచి? కామన్ కరెంటు అని మనందరి నెత్తిన పంచుతున్నారు కదా, అందులోంచి! వైఫై ఫీజు వేరే గుంజుతున్నారు!

ఇంత చిన్నదానికి గొడవా అంటారా? వంద యూనిట్లంటే చిన్న ఇంటికి నెల గడిచిపోతుంది! ఫ్యాన్ ఆపలేదని ఇంట్లో పిల్లల్ని తిట్టేది మనమే కదా! పైగా రాత్రి కరెంటు పోతే ఈ డబ్బాలన్నీ ఇన్వర్టర్ మీద పడతాయి. పొద్దున బ్యాచ్ మొదలయ్యేసరికి బ్యాటరీ నీరసం. కొత్త బ్యాటరీలకు చందా మళ్ళీ మన దగ్గరే!

బొగ్గుతో తీసే కరెంటు యూనిట్‌కు 600-700 గ్రాముల బొగ్గు కాలుతుంది. అంటే నెలకు అరవై కిలోల పైమాటే. సింగరేణిలో ఎవరో నైట్ షిఫ్టు చేసి తవ్విన బొగ్గును మనం నీలం లైట్లకు తగలేస్తున్నాం!

ఓనర్ గారి మనిషిని అడిగితే ఏమన్నాడో తెలుసా? "రాత్రి వైఫై పేరు కనపడకుండా పెట్టేశాం సార్!" పేరు దాస్తే కరెంటు ఆగుతుందా? డబ్బా మేలుకొనే ఉంది! ఆపాల్సింది దానికి వెళ్ళే కరెంటు. అది నెట్ కేబుల్లోనే వస్తుంది, మూడో అంతస్తు బీరువాలో ఉన్న నెట్‌వర్క్ స్విచ్ నుంచి. ఆ స్విచ్‌లో ఒక్కో పోర్టుకు టైమింగ్ పెట్టొచ్చు. కొత్తగా కొనేదేం లేదు. అరగంట పని!

కానీ ఒక్క మాట. కోపంలో ఎవరూ ఆ స్విచ్ ప్లగ్గు పీకొద్దు! సీసీ కెమెరాలు కూడా దానికే ఉన్నాయి. దొంగలకు మనమే తలుపు తీసినట్టవుతుంది. కెమెరాలు, ఫైర్ అలారం జోలికి పోవద్దు. గేటు దగ్గరి డబ్బా ఒక్కటి ఉండనివ్వండి. తాత రాత్రి మనవరాలితో వీడియో కాల్ మాట్లాడుకుంటాడు. మిగతా ఇరవై తొమ్మిదీ పడుకోవాలి! లేవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది కాబట్టి మొదటి బ్యాచ్‌కు పావుగంట ముందే ఆన్ అయ్యేలా పెడితే ఎవరికీ ఇబ్బంది లేదు.

సోమవారం రాత్రి 9 గంటలకు, షట్టర్లు దించగానే, కింద మెట్ల దగ్గరికి రండి! పోయిన మూడు నెలల కామన్ బిల్లులు చేతిలో పట్టుకుని రండి! అందరం కలిసి ఓనర్ గారి దగ్గరికి పోదాం. టైమింగ్ పెట్టేదాకా కదిలేది లేదు!

– మీతోపాటు కామన్ బిల్లు కడుతున్న కిరాయిదారు