కథలు చెప్పిన చేతులకు.. సొంత కథే పెట్టుబడి

* నిమ్మలకుంట తోలుబొమ్మకు పేరుంది.. చేసినవారి పేరు మాత్రం కొన్నవారికి తెలియదు

ధర్మవరం: రామాయణ, భారత గాథలను తెల్లవార్లూ తెర వెనుక నిలబడి ఊరంతటికీ వినిపించిన వంశాలవి. వాటి వారసులు నేడు ప్రదర్శనశాలల్లో ల్యాంప్‌షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు ముందు పెట్టుకుని కూర్చుంటున్నారు. వచ్చినవారు ధర అడుగుతారు, తగ్గించమంటారు, పక్క దుకాణానికి సాగిపోతారు. దశకంఠుని దర్పాన్ని, సీతమ్మ శోకాన్ని గొంతులో పలికించిన ఇళ్లవారికి తమ గురించి నాలుగు మాటలు చెప్పుకోవడం మాత్రం అలవాటు కాలేదు. శ్రీసత్యసాయి జిల్లా ధర్మవరం మండలం నిమ్మలకుంట కళాకారులకు అమ్మకాల్లో ఎదురవుతున్న చిక్కుల్లో ఇదొకటి. దీనిపై జరగవలసినంత చర్చ జరగడం లేదు.

తోలుబొమ్మలాట ఒకప్పుడు కుటుంబమంతా కలిసి చేసే వృత్తి. స్త్రీ పాత్రలకు ఇంటి ఆడవారే గొంతునిచ్చేవారు. నడుమ బంగారక్క, కేతిగాడు వచ్చి ఊరి పెద్దలతో సహా అందరినీ నవ్వించేవారు. సినిమా, ఆ తర్వాత టీవీ పల్లెకు చేరడంతో ఆట అడిగే ఊళ్లు తగ్గిపోయాయి. బతుకుతెరువు కోసం ఆ చేతులే అలంకరణ సామగ్రి వైపు మళ్లాయి. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావును 2020లో పద్మశ్రీ పురస్కారం వరించింది. గౌరవాలకు లోటు లేదు. అయితే ఆ గౌరవం ప్రతి ఇంటి గల్లాపెట్టె దాకా చేరుతోందా అన్నదే ప్రశ్న.

కొనడానికి వచ్చినవారి చేతిలో ఒక ల్యాంప్‌షేడ్ ఉందనుకుందాం. వారికి కనిపించేవి రంగులు, చిల్లులు. మేక తోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, సాగదీసి ఎండబెడితే తప్ప వెలుతురు చొరబడేంత పలుచన కాదని వారికి తెలియదు. దానిపై గీత గీసి, ఉలి మీద దెబ్బ తప్పకుండా ఒక్కొక్క చిల్లు కొట్టాలనీ తెలియదు. అన్నిటికంటె ముఖ్యంగా, ఆ చిల్లులు ఎందుకున్నాయో తెలియదు. ఆటలో వెనుక నుంచి దీపం వెలిగించినప్పుడు తెరపై రాముడి కిరీటం, సీత హారాలు మెరిసేది ఆ చిల్లుల వల్లనే. అంటే అవి నగలు. ఈ ఒక్క మాట విన్నవారు ఆ వస్తువును మునుపటిలా కింద పెట్టలేరు. చెప్పేవారు ఏరీ?

ధర పలికేది తోలుకు కాదు

వస్తువుకు కథ తోడైతే విలువ పెరుగుతుందనడానికి విదేశీ ఉదాహరణ ఒకటుంది. అమెరికాలో రాబ్ వాకర్, జాషువా గ్లెన్ అనే రచయితలు 2009లో ఒక ప్రయోగం చేశారు. పాత సామాన్ల దుకాణాల్లో వంద వరకు చిల్లర వస్తువులు కొన్నారు. మొత్తం ఖర్చు సుమారు 129 డాలర్లు. ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క రచయిత చేత కథ రాయించి ఈబే వేలంలో పెడితే 3,600 డాలర్లకు పైగా వచ్చాయి. అవి కల్పిత కథలన్న సంగతి దాచలేదు. కల్పనకే అంత గిరాకీ ఉంటే, తాత ముత్తాతల నుంచి వచ్చిన నిజమైన కథకు ఎంత ఉండాలి?

అంత దూరం పోనక్కరలేదు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక లక్కబొమ్మల సంగతి చూడవచ్చు. అంకుడు కర్రను తరిణి పట్టి, లక్కతో మెరుగు పెట్టే ఆ బొమ్మలు పిల్లలు ఆడుకునేవి. రసాయనిక రంగులను వదిలి చెట్ల నుంచి, గింజల నుంచి తీసిన రంగులకు మళ్లడానికి ఆ గ్రామానికి చెందిన సి.వి.రాజు చేసిన కృషి వాటికి కొత్త ఊపిరి పోసింది. 2020 ఆగస్టు 30న ప్రధాని ‘మన్ కీ బాత్’లో ఆయన కృషిని ప్రస్తావించారు. 2023లో పద్మశ్రీ లభించింది. 2025 గణతంత్ర దినోత్సవంలో రాష్ట్ర శకటం ఏటికొప్పాక బొమ్మలదే. ఇక్కడ గమనించవలసింది శకటాన్ని కాదు, కథలోని పసను. ‘పసిబిడ్డ నోట పెట్టుకున్నా భయపడనక్కరలేని రంగు ఇది’ అన్న విషయం తల్లికి నేరుగా తగులుతుంది. అందులో ఒక మనిషి ఉన్నాడు, అతను తీసుకున్న ఒక నిర్ణయం ఉంది, కొనేవారికి పనికివచ్చే సత్యం ఉంది. కళ గొప్పది, ప్రాచీనమైనది అనే సాధారణ పొగడ్తలో ఈ మూడూ ఉండవు.

తెలంగాణలోని సిద్దిపేట జిల్లా చేర్యాల నకాశీ చిత్రకారులకూ తోలుబొమ్మలవారికీ పోలిక ఉంది. చేర్యాల పటాలు పూర్వం గోడకు అలంకారం కావు. కులపురాణాలు చెప్పే కథకులు వాటిని విప్పి చూపుతూ గానం చేసేవారు. కథకులు తగ్గిపోగా పటం మిగిలింది. చిత్రకారులు చిన్న బొమ్మలకు, మాస్కులకు మళ్లారు. ఆ స్థితిలో పటం గురించి చెప్పవలసిన బాధ్యత గీసినవారి మీదనే పడింది. నిమ్మలకుంటలో చెప్పేవారు, చేసేవారు ఒక్కరే. ఆ సౌలభ్యాన్ని వాడుకోకపోవడమే విచారకరం.

జాలితో కొనేది ఒక్కసారే

అయితే ఏ కథ చెప్పాలన్నది తేలికైన విషయం కాదు. పత్రికలవారు గాని, స్వచ్ఛంద సంస్థలవారు గాని వస్తే కళాకారుల నోట ముందుగా రప్పించేది కష్టాల చిట్టాయే. అప్పులు, కూలని ఇల్లంటూ లేని వానాకాలం, చదువు మానిన పిల్లలు. అవి అబద్ధాలు కావు. కాని వాటిని విని కొనేవారు దానం చేస్తున్నామనుకుంటారు. దానం ఒకసారి చేసి చేతులు దులుపుకుంటారు, రెండోసారి రారు. పైగా ధర విషయంలో కళాకారుడి తల వంచేది ఆ జాలే. తన ఉలిని తండ్రి ఎలా పట్టించాడో, రావణుడి పది తలలను ఒకే తోలులో ఇమడ్చడానికి ఎన్ని దినాలు పట్టిందో చెప్పిన కళాకారుడి ముందు బేరమాడడానికి కొనుగోలుదారే కొంత సంకోచిస్తాడు. పేదరికాన్ని దాచమని కాదు, దానిని సరుకుగా పెట్టవద్దనే.

అతిశయోక్తి మరో ప్రమాదం. పూర్వం కొన్ని పాత్రలకు జింక తోలు వాడేవారన్నది వాస్తవం. ఆ మాటను నేటి వస్తువుకు అంటగట్టి ‘ఇది జింక తోలే’ అంటే కొనేవారు మురుస్తారేమో గాని, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. రంగుల విషయమూ అంతే. సీసాల్లో దొరికే రంగు వాడినప్పుడు సహజ రంగని చెబితే, ఒకసారి బయటపడిన అబద్ధం ఊరందరి సరుకుపైనా అనుమానం తెస్తుంది. ఇక ప్రాచీనత. పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దంలోనే పండితారాధ్య చరిత్రలో బొమ్మలాటను ప్రస్తావించాడు. అది వ్యాసాలకు బాగుంటుంది. కొనేవారి మనసుకు మాత్రం శతాబ్దాల లెక్కకంటె, ఎడ్లబండిపై బొమ్మల పెట్టెతో ఊరూరా తిరిగిన తాత ముచ్చటే దగ్గరవుతుంది.

కథ ఎవరి చేతిలో?

అసలు పేచీ ఇక్కడే ఉంది. కథకు విలువ ఉందని కళాకారులకంటె ముందే గ్రహించినవారు వ్యాపారులు. నగరాల్లోని ఖరీదైన దుకాణాల్లో హస్తకళా వస్తువుల పక్కన అందమైన చీటీ వేలాడుతుంది. అందులో కళ పేరుంటుంది, రాష్ట్రం పేరుంటుంది, దుకాణం పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. చేసినవారి పేరు చాలావాటిలో కనిపించదు. ఊరు చెబితే ఫర్వాలేదు గాని మనిషి పేరు, ఫోన్ నంబరు చెబితే కొనేవారు నేరుగా వెళ్లిపోతారన్నది మధ్యవర్తుల భయం. ఆ భయం అకారణమైనది కాదు. వారికి నష్టమయ్యేది కళాకారుడికి లాభమే కదా!

భౌగోళిక గుర్తింపు ఈ సమస్యను తీర్చలేదు. అది ప్రాంతానికి ఇచ్చే రక్షణ. ఫలానా బొమ్మ ఫలానా ఇంటిదని అది చెప్పదు. చట్టప్రకారం తయారీదారులు అధీకృత వినియోగదారులుగా విడివిడిగా నమోదు చేసుకునే వీలుంది. ఆ నమోదు చేయించి, ధ్రువపత్రాన్ని దుకాణంలో కనపడేలా పెట్టించే పని అధికారులు భుజాన వేసుకోవలసి ఉంది. కేంద్ర హస్తకళల విభాగం ఇచ్చే పెహచాన్ గుర్తింపు కార్డు కూడా పెట్టెలో దాచుకునేది కాదు, బొమ్మ పక్కన నిలబెట్టవలసినది. శ్రీకాళహస్తి కలంకారీ పేరిట అచ్చు వేసిన గుడ్డలు ఏ సంతలో చూసినా దొరుకుతున్నాయి. కలం పట్టిన చేయి ఎవరిదో తెలిసినప్పుడే వాటికీ అసలుకూ తేడా నిలుస్తుంది.

నిమ్మలకుంటకు కలిసివచ్చే సంగతులు కొన్ని లేకపోలేదు. ధర్మవరం పెద్ద రైల్వే జంక్షన్, బెంగళూరుకు నేరుగా రైళ్లున్నాయి. లేపాక్షికి, పుట్టపర్తికి నిత్యం యాత్రికులు వస్తుంటారు. పట్టుచీరల కోసం ధర్మవరం వచ్చేవారి సంగతి చెప్పనక్కరలేదు. ఫోన్‌లోనే డబ్బు చెల్లించే రోజుల్లో దూరపు కొనుగోలుదారు నుంచి సొమ్ము రాబట్టుకోవడానికి మధ్యవర్తి అవసరం మునుపటంత లేదు. పెద్దలకు తెలుగులో చెప్పడం వచ్చు. బెంగళూరు, ఢిల్లీ ప్రదర్శనల్లో కన్నడంలోనో, హిందీలోనో చెప్పగలిగేది చదువుకున్న పిల్లలే. ఆ పిల్లలు ఉలి పట్టకపోయినా ఫర్వాలేదు, బొమ్మ చేస్తున్న అవ్వను రెండు నిమిషాల వీడియో తీసి పంపగలిగితే చాలు. ఇంటి ఆడవారు పనిలో సగం మోస్తున్నా దుకాణంలో కనిపించేది మగవారే. రంగులు వేసిన ఆమె ఎదురుగా కూర్చుంటే అడిగేవారికి జవాబు దొరుకుతుంది.

ఒక ఖర్చులేని పనితో మొదలుపెట్టవచ్చు. బొమ్మ వెనుక వైపు మూలన చేసినవారి పేరు, ఊరు, సంవత్సరం, ఫోన్ నంబరు రాయడం. కింద తడి తగలనీయవద్దని, దుమ్మును పొడిగుడ్డతో తుడవాలని రెండు వాక్యాలు. ఆ పేరును చెరిపివేయకూడదన్న షరతుకు ఒప్పుకున్న వ్యాపారికే సరుకు ఇస్తామని ఊరంతా ఒక్క మాట మీద నిలబడగలదా అన్నది తేలవలసి ఉంది. ఒక ఇంటివారు షరతు పెట్టి పక్కింటివారు పెట్టకపోతే, వ్యాపారి బండి ఆగేది పక్కింటి ముందే.