విద్యుద్విమానములును మన్యపు వాగులును

విద్యుచ్ఛక్తితో నెగురు విమానములు వచ్చుచున్నవనియు, వానికి పొగ యుండదనియు, కావున కొత్తగూడెము వంటి చోట్ల విమానాశ్రయములు కట్టినను అడవికి కీడు లేదనియు మా మిత్రులు కొందఱు వాదించుచున్నారు. వారి యుత్సాహమును మెచ్చుకొందుము గాని వారి తర్కమును మేమంగీకరింపజాలము.

పొగ లేదనుట సగము నిజము. ఆ విమానమునకు విద్యుత్తెచ్చటినుండి వచ్చును? మణుగూరు చెంతనున్న భద్రాద్రి విద్యుత్కేంద్రమున 270 మెగావాట్ల యంత్రములు నాలుగు బొగ్గునే తినుచున్నవి. పాల్వంచ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఇట్టి విద్యుత్తుతో నెగిరిన విమానము పొగను మాన్పలేదు; ఆకాశమునుండి దింపి మన యిండ్లమీదికి తెచ్చినది. ప్రయాణము ధనికునిది, బూడిద గనికార్మికునిది.

ఇక బరువు మాట. ఒక కిలో విమానపు నూనెలో రమారమి 12,000 వాట్-గంటల శక్తి యున్నది. నేటి మంచి లిథియం బ్యాటరీలో కిలోకు 250. మోటారు నూనెయంత్రముకంటె శక్తిని చాల తక్కువగా వ్యర్థపుచ్చునన్నమాట నిజమే. ఆ లాభమును లెక్కకట్టినను పదునైదు రెట్లకు పైబడిన లోటు మిగులును. పైగా నూనె ఖర్చయినకొలది విమానము తేలికపడును. బ్యాటరీ యన్ననో, ఎంత మోసికొని యెగిరెనో అంతయు మోసికొనియే దిగవలెను. అందుచేతనే 2020 జూన్‌లో ఐరోపాలో తొలిసారిగా అనుమతి పొందిన విద్యుద్విమానము ఇద్దఱు కూర్చుండునది, గంటసేపైనను ఎగురలేనిది. 2022 సెప్టెంబరు 27న అమెరికాలో ‘ఆలిస్’ అను పెద్ద విమానము ఎనిమిది నిమిషములెగిరి దిగెను. నాసావారి ఎక్స్-57 ఒక్కసారియు ఎగురకయే 2023లో ఆ ప్రయత్నము ముగిసెను. ఇవి నిందార్హములు కావు, శాస్త్రము ఇట్లే నడచును. కాని వీనిని చూపి మన యూరికి రేపే విమానమనుట మాత్రము శాస్త్రము కాదు.

(ఇదంతయు మన పూర్వులెఱిగినదే యనువారును కలరు. వారు చూపు ‘వైమానిక శాస్త్రము’ను 1974లో బెంగుళూరు విజ్ఞానసంస్థకు చెందిన అయిదుగురు పండితులు పరీక్షించి, అందలి విమానములు ఎగురజాలవనియు, గ్రంథము 1904కు పూర్వపుది కాదనియు తేల్చిరి. సంస్కృతముపై మాకు గల గౌరవము చేతనే ఈ మాట చెప్పుచున్నాము.)

బ్యాటరీకి తగిన పని లేకపోలేదు. అది తక్కువ బరువు, తక్కువ దూరము. 2021 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వము వికారాబాదు జిల్లాలో డ్రోనులచే మందులను, టీకాలను ఆరోగ్యకేంద్రములకు పంపి పరీక్షించినది. మంచి పనియే, కాని వికారాబాదు హైదరాబాదుకు పొరుగు, అచ్చటికి బాట యున్నది. 2022 జూలై 16న భద్రాచలమువద్ద గోదావరి 71 అడుగులు దాటెను. మూడవ ప్రమాదసూచిక 53 అడుగులకే. తాలిపేరు పొంగినను, పేరులేని వాగు పొంగినను, ఆవలి గూడెమున పాముకాటు తిన్నవానికి మందు చేరునా? గర్భిణిని మంచముమీద మోయుట చదువరులెఱుగనిదా?

రూపకల్పన చేయువారు కష్టపడవలసినది ఇచ్చటనే. రెక్కలు లేక మరలతోనే నిలిచి యెగురు యంత్రము గాలిలో నిలుచుటకే శక్తిని వెచ్చించును. నిటారుగ లేచి, పిదప రెక్కలమీద సాగునది మేలు. ఆషాఢపు వానను, గాలిని ఓర్చవలెను. టీకా చల్లదనము చెడకుండ మోయవలెను. ఇంత చిన్న బ్యాటరీని నింపుటకు ఆరోగ్యకేంద్రపు కప్పుమీది సూర్యఫలకములు చాలును. మణుగూరు బొగ్గు వలదు.

విమానాశ్రయమునకై అర్జీ వ్రాయు మిత్రులు, ఆ కాగితముననే దుమ్ముగూడెము, చర్ల ఆరోగ్యకేంద్రములకు ఇట్టి యంత్రము నొక్కొక్కదానిని ముందుగ అడిగియుండిన, మేమును సంతకము చేసియుందుము.