మందులో పెట్టిన గుండె మారకుండా ఉంటుందా?

ఏలూరులో ఆశ్రం వైద్య కళాశాల ఉండగా, 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా మొదలైంది. వైద్య విద్యార్థికి మొదటి సంవత్సరంలో దానంగా వచ్చిన మృతదేహమే గురువు. అందుకే మన కుటుంబాల్లోనూ దేహదానం మాట అప్పుడప్పుడు వస్తుంది. "మందులో పెడితే ఎన్నేళ్లయినా అలాగే ఉంటుంది కదా, తొందరేముంది?" అని కొందరు అంటారు. అలాగే ఉండదు, తొందర కూడా ఉంది అని మేము చెప్పదలచుకున్నాము.

ఆ మందు పేరు ఫార్మలిన్. ఫార్మాల్డిహైడ్ అనే వాయువును నీటిలో కలిపితే వచ్చే ద్రవం ఇది. ఇది కణజాలాన్ని గట్టిపరుస్తుందని 1893లో జర్మనీ వైద్యుడు ఫెర్డినాండ్ బ్లూమ్ గుర్తించాడు. కండలోని మాంసకృత్తులను ఇది ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. కుళ్లడం ఆగిపోతుంది. అయితే ఉప్పులో ఊరిన మామిడి ముక్క పచ్చి మామిడిలా ఉండనట్లే, ఫార్మలిన్‌లో ఉన్న గుండె కూడా మారుతుంది. ఎరుపు పోయి బూడిద రంగు వస్తుంది. సాగే గుణం పోయి బిరుసెక్కుతుంది. కొంత కుంచించుకుపోతుంది కూడా.

దీనివల్ల నష్టమేమిటి? మరణించిన కొద్ది గంటల్లోనే గుండె కండరం బిగుసుకుంటుంది. ఆ స్థితిలోనే మందులో వేస్తే ఎడమ జఠరిక గోడ మందంగా, లోపలి గది చిన్నదిగా కనిపిస్తుంది. అది చూసి, ఆ మనిషికి ఎక్కువ రక్తపోటు వల్ల గుండె గోడ మందమైందని పొరబడే ప్రమాదం ఉంది. పైగా ఫార్మలిన్ మొదట్లో గంటకు సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే లోపలికి దిగుతుంది, తర్వాత ఇంకా నెమ్మదిస్తుంది. ఎడమ జఠరిక గోడ దాదాపు ఒక సెంటీమీటరు. మందు చేరేలోగా లోపలి భాగం చెడిపోవడం మొదలవుతుంది. అందుకే జాగ్రత్తగల పరిశోధకులు రక్తనాళాల ద్వారా, గదులు సహజంగా విప్పారేలా మందును పంపుతారు.

ఇంకో సంగతి. ఎక్కువ కాలం ఫార్మలిన్‌లో ఉన్న కండలో జన్యు పదార్థం ముక్కలవుతుంది. చిన్న వయసులో హఠాత్తుగా గుండె ఆగి చనిపోయినవారి విషయంలో అది వంశపారంపర్య జబ్బా అని తెలుసుకోవడం అన్నదమ్ములకు, పిల్లలకు ఎంతో అవసరం. అలాంటప్పుడు మందులో వేయకముందే కొంచెం రక్తాన్ని, చిన్న కండముక్కను విడిగా శీతలంలో భద్రపరచాలి.

కాబట్టి మా అభిప్రాయం ఇది. గుండె కొలతలు ప్రకటించేవారు మరణించిన ఎన్ని గంటలకు, ఏ పద్ధతిలో, ఎంతకాలం భద్రపరిచారో తప్పక చెప్పాలి. దేహాన్ని స్వీకరించే కళాశాలలు దాన్ని ఎలా భద్రపరుస్తారో, చివరికి ఏం చేస్తారో కుటుంబానికి ముందే వివరించాలి. మృదువుగా ఉంచే పద్ధతులు కూడా ఉన్నాయి. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో వాల్టర్ థీల్ 1992లో అలాంటిదొకటి ప్రకటించాడు. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది గనుక, విద్యార్థుల క్షేమం కోసమైనా వీటిని పరిశీలించాలి.

ఫార్మలిన్ అనగానే కొల్లేరు వాసులకు చేపల సంగతి గుర్తుకొస్తుంది. 2018లో ఫార్మలిన్ కలిసిందన్న కారణంతో అస్సాం ప్రభుత్వం ఆంధ్రా చేపలను కొన్నాళ్లు నిషేధించింది. ప్రయోగశాలలో మేలు చేసే ఈ మందుకు తినే చేపలో చోటు లేదు.

మన తెలుగువాడు సీతారాం ఏచూరి 2024 సెప్టెంబరు 12న మరణించగా, ఆయన దేహాన్ని కుటుంబం ఢిల్లీ ఎయిమ్స్‌కు అప్పగించింది. ఏలూరులోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా, కొల్లేరు లంక గ్రామాల్లోనైనా అలా ఇవ్వాలనుకునేవారు బ్రతికుండగానే ఇంట్లో అందరితో మాట్లాడండి. కళాశాలలో పత్రం నింపి, ఫోను నంబరు ఇంట్లో కనబడేచోట రాసిపెట్టండి. దుఃఖంలో వాదించుకుంటూ కూర్చుంటే గంటలు గడిచిపోతాయి. ఆ గంటల్లో ముందుగా పాఠం కోల్పోయేది గుండే.