సులువైనదా, అలవాటైనదా?

బాలలూ!

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి నన్ను ఆలోచనలో పడవేసింది. ఏడవ తరగతి చదివే ఒక అమ్మాయి ఇలా రాసింది: "మాస్టారూ, మా ఇంట్లో విండోస్ 10 ఉన్న పాత కంప్యూటరు ఉన్నది. విండోస్ 11 దీనిలో పనిచెయ్యదని దుకాణంలో చెప్పారు. కొత్తది కొనటానికి ఇప్పుడు డబ్బు లేదని నాన్నగారు అన్నారు. లినక్స్ వేసుకుంటే కాణీ ఖర్చు లేదని అన్నయ్య అంటాడు. అది మహా కష్టమని అందరూ భయపెడుతున్నారు. నిజమేనా?"

జవాబు చెప్పేముందు ఒక సంగతి. కంప్యూటరు తనంత తాను ఏ పనీ చెయ్యలేదు. మీట నొక్కితే అక్షరం పడేటట్టు, రాసింది భద్రంగా దాగేటట్టు చూసేది ఆపరేటింగ్ సిస్టం. మైక్రోసాఫ్ట్ కంపెనీ 1985లో మొదటి విండోస్ విడుదల చేసింది. అది కంపెనీ సొత్తు. దాని లోపలి రాతను ఇతరులు మార్చటానికి వీలులేదు. లినక్స్ సంగతి వేరు. 1991లో ఫిన్లండు దేశపు హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల కుర్రవాడు దాని మూలభాగం రాసి, ఆ రాతను అందరిముందూ పెట్టాడు. దానిని ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పదిమందికీ పంచవచ్చు. ఉబుంటు, లినక్స్ మింట్ మొదలైనవి ఆ మూలం మీద కట్టినవే.

ఇక కష్టసుఖాల మాట. మీ అమ్మ వంటింట్లో కరెంటు పోయినా ఉప్పుజాడీ చేతికి అందుతుంది. అదే అమ్మ పిన్నిగారింట్లో వంట చెయ్యబోతే, ఉప్పు ఎక్కడ, పోపులపెట్టె ఎక్కడ అని పది తలుపులు తీస్తుంది. అంతమాత్రాన పిన్ని వంటిల్లు చెడ్డదా? కాదు, అమ్మకు కొత్త, అంతే.

నా అనుభవం వినండి. నేను ఇరవై ఏళ్లు విండోస్ వాడినవాణ్ణి. ఆ మధ్య మా పాత కంప్యూటరులో లినక్స్ మింట్ వేయించాను. మొదటిరోజు నేను దాచిన ఉత్తరం ఎక్కడున్నదో కనిపించక ఒకటే హైరానా పడ్డాను. మూడవ తరగతి చదివే మా మనవరాలు వచ్చి, కుర్చీ ఎక్కి, పది నిమిషాలలో బొమ్మ గీసి, దానిని దాచి, మళ్లీ తెరిచి చూపించింది! దానికి నాకంటె తెలివి ఎక్కువని కాదు. మరిచిపోవలసిన పాత అలవాటు దానికి లేదు, నాకు ఉన్నది.

విండోస్ కూడా జనానికి పుట్టుకతో రాలేదు సుమా! 1990లో వచ్చిన విండోస్ 3.0లో సాలిటేర్ అనే పేకాట పెట్టారు. ముక్కలను ఒకచోటినుంచి మరొకచోటికి ఈడ్చి ఆడుతూ, ఎందరో మౌసు పట్టటం నేర్చుకున్నారు. ఇప్పుడు కేరళ ప్రభుత్వ పాఠశాలలలో లక్షలాది పిల్లలు లినక్స్ మీదనే కంప్యూటరు నేర్చుకుంటున్నారు. వారికి అదే అమ్మ వంటిల్లు.

అయితే కష్టం బొత్తిగా లేదంటే అబద్ధమే అవుతుంది. మా ప్రింటరు లినక్స్ మాట వినక రెండురోజులు మొండికేసింది. తెలిసిన కుర్రవాడు వచ్చి సరిచెయ్యవలసి వచ్చింది. కొన్ని ఆటలు, కొన్ని ఆఫీసు పనుల ప్రోగ్రాములు విండోస్‌కే తయారుచేస్తారు గనక లినక్స్‌లో నడవవు. విండోస్ అయితే చాలా కంప్యూటర్లలో దుకాణంలోనే వేసి ఇస్తారు. చిక్కు వస్తే చెప్పేవారు వీధికొకరు దొరుకుతారు. ఇది చిన్న సులువేమీ కాదు.

లినక్స్‌కు ఉన్న సులువు మరొకటి. ఆ వంటింట్లో అలమర్లను మనకు కావలసినట్టు మార్చుకోవచ్చు. ఏ కంపెనీ తలుచుకుంటుందా అని కాచుకుని కూచోనక్కరలేదు. హైదరాబాదులోని 'స్వేచ్ఛ' సంస్థవారు లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పనికి పూనుకోగలిగారంటే, రాత అందరికీ అందుబాటులో ఉండటం చేతనే.

ఇప్పుడు అమ్మాయి ప్రశ్నకు వస్తాను. దుకాణంవారు చెప్పింది నిజమే అయి ఉండవచ్చు. విండోస్ 11కు టి.పి.యం. 2.0 అనే భద్రతా సాధనం ఉండాలి. చాలా పాత యంత్రాలలో అది లేదు. విండోస్ 10కు మామూలుగా ఇచ్చే భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి; పేరు నమోదు చేసుకున్నవారికి మాత్రం కొంత గడువు ఇచ్చారు. సవరణలు అందని యంత్రం ఇంకా నడుస్తుంది. కాని గొళ్లెం ఊడిన తలుపువంటిది.

అమ్మా, తొందరపడి ఏదీ మార్చవద్దు. ముందు మీ ఫోటోలూ, పాఠాలూ వేరేచోట దాచండి. తరవాత తెలిసినవారిచేత ఒక పెన్‌డ్రైవులో లినక్స్ ఎక్కించుకుని, దానినుంచే కంప్యూటరు నడిపి చూడండి. 'ఇన్‌స్టాల్' అన్నది నొక్కనంతవరకూ లోపలి విండోస్ అలాగే ఉంటుంది. అప్పుడు అయిదు పనులు చేసి చూడు: తెలుగులో ఒక ఉత్తరం రాయి, దానిని దాచి మళ్లీ తెరువు, ప్రింటు తియ్యి, వైఫై కలిపి పాఠం చూడు, పాట విను. ఒక్కరోజుతో సరిపెట్టక వారంరోజులు చెయ్యి. మొదటిరోజు తడుముకున్నది ఏడవరోజుకు అలవాటయితే, అది కష్టం కాదు, కొత్త. ఏడవరోజుకు కూడా జరగని పని ఏదైనా ఉంటే, అదే నిజమైన కష్టం. ఆ పని మీ ఇంట్లో ఎంత అవసరమో నాన్నగారితో కూచుని ఆలోచించి నిర్ణయించుకోండి.

మిగతా పిల్లలూ! సైకిలు మొదటిసారి ఎక్కిననాడు ఎన్నిసార్లు పడ్డారో గుర్తుచేసుకోండి. ఈసారి ఏదైనా "కష్టం" అని ఎవరైనా అంటే, "ఎన్నాళ్లు చేసి చూశారు?" అని మర్యాదగా అడగండి. మీకు ఏం జవాబు వచ్చిందో నాకు రాయండి.

వచ్చే నెల మళ్లీ కలుసుకుందాం.

— మీ మాస్టారు