ఎర్రదీపం చాలదు

“ఆయిల్ లైటు ఉంది కదండీ, మళ్లీ మీటరెందుకు?” కారుకు ఆయిల్ ప్రెషర్ మీటరు పెట్టించాలనుకునేవాళ్లకు మెకానిక్కులు, షోరూమువాళ్లు, కార్లు తెలిసిన స్నేహితులు అందరూ చెప్పే మాట ఇదే. ఎంత ధీమాగా చెప్పినా ఈ మాట తప్పు.

ఆ దీపాన్ని వెలిగించేది ఇంజనుకు బిగించిన చిన్న స్విచ్చి. చాలా కార్లలో ప్రెషర్ సుమారు 5 నుంచి 7 పీఎస్‌ఐ దాకా పడిపోతే తప్ప అది పనిచేయదు. బండి ఆగి, ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆ హద్దు సరిపోవచ్చు. హైవే మీద 3000 ఆర్‌పీఎంలో పోతున్నప్పుడు? ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకీ 10 పీఎస్‌ఐ ఉండాలన్నది పాతకాలపు పనివాళ్ల లెక్క. అన్ని ఇంజన్లకూ అచ్చంగా సరిపోదు గానీ అంచనాకు పనికొస్తుంది. ఆ లెక్కన 30 ఉండాల్సిన చోట 10 ఉన్నా దీపం వెలగదు. క్రాంక్ షాఫ్ట్‌నీ బేరింగులనీ వేరుచేసే సన్నటి ఆయిల్ పొర తెగి, లోహం ఒరుసుకుపోతున్నా డ్రైవరుకు తెలియదు. దీపం వెలిగేసరికి చాలాసార్లు బేరింగులు పోయే ఉంటాయి.

మీటరు ముల్లు ముందే చెబుతుంది. చల్లటి ఇంజనులో ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి ప్రెషర్ ఎక్కువ, వేడెక్కాక తక్కువ, ఇది మామూలే. కానీ అదే వేడిలో, అదే ఆర్‌పీఎంలో, నెలనెలా ముల్లు కిందికి జారుతుంటే బేరింగులైనా అరుగుతున్నాయి, పంపైనా బలహీనపడుతోంది, లేదా ఆయిల్ ఛాంబర్‌లోని జాలికి మడ్డి పట్టింది. మలుపు తిరిగేటప్పుడు ముల్లు ఒక్క క్షణం పడి లేచిందంటే ఆయిల్ తగ్గిందేమో చూసుకోవాలి.

ముల్లు కదిలితే జనం కంగారుపడతారన్నది ఇంకో వాదన. ఈ వాదనను నమ్మితే ఏమవుతుందో మాజ్దా మియాటా కారు చూపించింది. 1994 మోడల్ దాకా అందులో నిజమైన మీటరుండేది. 1995 నుంచి స్విచ్చితో కదిలే ముల్లు పెట్టారు. ప్రెషర్ 15 ఉన్నా 60 ఉన్నా అది ఒక్కచోటే నిలబడుతుంది. ఇది కొనుక్కున్నవాణ్ణి మోసగించడమే. దీపం కనీసం మీటరు వేషం వేయదు. ఏ ముల్లు ఎందుకు కదులుతుందో నాలుగు ముక్కల్లో చెబితే ఎవరికైనా అర్థమవుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్ జీపులు తోలిన మామూలు సైనికుల ముందు నిజమైన ఆయిల్ మీటరే ఉండేది.

మీటరు పెడితే ఆయిల్ కారుతుందన్న భయంలో మాత్రం కొంత నిజముంది. మెకానికల్ మీటరుకు సన్నటి గొట్టంలో కాగిన ఆయిల్ డ్యాష్‌బోర్డు దాకా వస్తుంది; గొట్టం పగిలితే కాళ్ల మీదే. అందుకే ఎలక్ట్రికల్ మీటరు తీసుకోవాలి. అంకెలు 0 నుంచి 100 పీఎస్‌ఐ లేదా 7 బార్ దాకా స్పష్టంగా ఉండాలి. ఇంజను దగ్గర ప్రెషర్‌ను కొలిచి మీటరుకు పంపే సెండర్ ఆ మీటరుకు జోడీగా వచ్చిందే కావాలి, ఇంకోదాన్ని తగిలిస్తే అంకెలు తప్పుతాయి. మర కూడా చూసుకోవాలి: జపాన్ ఇంజన్లలో ఎక్కువగా ఉండే బీఎస్‌పీటీ మరలో అమెరికా ఎన్‌పీటీ సెండర్‌ను బలవంతంగా బిగిస్తే ఇంజన్ బ్లాకే పగలొచ్చు.

కంపెనీ స్విచ్చిని పీకేసి ఆ చోట సెండర్ పెడతామంటే ఒప్పుకోవద్దు. టీ జాయింటు వేయిస్తే రెండూ ఉంటాయి. బరువైన సెండర్‌ను ఆ జాయింటుకే వేలాడదీస్తే ఇంజన్ అదురుకు విరుగుతుంది. పొట్టి ప్రెషర్ హోస్‌తో పక్కకు తెచ్చి, బాడీకి క్లాంపు వేయించి, సెండర్‌కు విడిగా ఎర్తు వైరు ఇప్పించాలి.