మొనాడ్ అంటే భయమెందుకు?

ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటున్న మీ అన్ననో అక్కనో "మొనాడ్ అంటే ఏమిటి?" అని అడిగి చూడండి. చాలామంది "అబ్బో, అది కష్టం!" అంటారు. కష్టం పేరులోనే గాని విషయంలో లేదని నా అభిప్రాయం.

ఒక చిన్న లెక్క చేద్దాం. ఏదైనా సంఖ్య అనుకోండి. 100ని దానితో భాగించండి. వచ్చినదానిలోంచి 9 తీసివేయండి. మిగిలినదానికి వర్గమూలం కట్టండి. 4 అనుకుంటే వరుసగా 25, 16, చివరికి 4 వస్తాయి. 0 అనుకుంటే? సున్నతో భాగించలేం గనుక మొదటి మెట్టులోనే ఆగిపోతారు. 20 అనుకుంటే? మొదట 5, తరువాత -4 వస్తాయి. -4కు వాస్తవ సంఖ్యల్లో వర్గమూలం లేదు.

ఎక్కడ ఆగాలో మీకు తెలుసు. కంప్యూటరుకు ఎవరో చెప్పాలి. ప్రతి మెట్టు తరువాతా "జవాబు ఉంటే సాగు, లేకపోతే ఆగు" అని రాయాలి. ఒక్కచోట మరిచినా ముప్పే. 1965లో టోనీ హోర్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు "ఇక్కడ ఏమీ లేదు" అని తెలిపే గుర్తును ఒక ప్రోగ్రామింగ్ భాషలో చేర్చారు. దాన్ని సరిచూడడం మరిచిపోయి ఎన్నో ప్రోగ్రాములు మధ్యలో ఆగిపోయాయి. అది వంద కోట్ల డాలర్ల పొరపాటని 2009లో ఆయనే ఒప్పుకున్నారు.

మరి ఉపాయమేమిటి? ప్రతి మెట్టూ తన జవాబుకు "ఉంది, 25" అనో "లేదు" అనో చీటీ కట్టాలి. చీటీ చూసి సాగాలా ఆగాలా అన్న నియమాన్ని ఒకేచోట, ఒకేసారి రాసుకోవాలి. చీటీ కట్టడం, మెట్లను కలపడం అనే ఈ రెండు పనులూ మూడు చిన్న సూత్రాలకు లోబడితే అదే మొనాడ్! ఒక సూత్రం మీకు తెలిసినదానిలాంటిదే. (2+3)+4 అన్నా, 2+(3+4) అన్నా ఒకటే గదా! అలాగే మెట్లను ఎలా జతకట్టినా జవాబు మారకూడదు.

ఈ పేరు గణితశాస్త్రం నుంచి వచ్చింది. 1989లో ఇటలీ శాస్త్రజ్ఞుడు యూజీనియో మోగ్గి, ఆ తరువాత ఫిలిప్ వాడ్లర్ దీన్ని ప్రోగ్రాములకు అన్వయించి చూపారు. హాస్కెల్ భాషలో ఇది నిత్యం వాడుకలో ఉంది.

మొనాడ్ అంటే ఒక డబ్బా అని కొందరు పోల్చి చెబుతారు. మన లెక్కకు ఆ పోలిక సరిపోవచ్చు. కాని కీబోర్డు మీద నొక్కిన అక్షరాలను చదవడానికీ హాస్కెల్‌లో మొనాడే వాడతారు. అక్కడ డబ్బా ఏదీ? అందుకే పోలికలకన్నా లెక్కలే మేలంటాను. సహచర ధర్మం అన్న మాట వినకముందే మీరు కూడికలు చేయలేదా? ఇదీ అంతే. పై లెక్కలో 10, 50 వేసి, ప్రతి మెట్టుకూ చీటీ రాసి చూడండి. పేరు సంగతి తరువాత చూసుకోవచ్చు.