మన బండి మీది స్టిక్కర్ మనమే కట్ చేసుకుందాం



ఆగస్టు 9 దగ్గర పడుతోంది. ఎప్పటిలాగే ర్యాలీకి జీపులు, ఆటోలు, బైకులు తయారవుతాయి. ఎప్పటిలాగే వారం ముందు అందరం రేడియం షాపులకు పరిగెత్తుతాం. ఈసారి పోయే ముందు ఒక్క ఐదు నిమిషాలు ఈ పోస్టు చదవండి. కొంచెం పెద్దగానే ఉంది, ఓపిక పట్టండి.

పోయినేడు మేము నలుగురం డబ్బులు పోగేసి మా ఊరి జీపు వెనక అద్దానికి స్టిక్కర్ వేయించాలనుకున్నాం. షాపతనికి "ఆదివాసీ బొమ్మ పెట్టన్నా, కింద జై ఆదివాసీ అని రాయి" అని చెప్పి టీ తాగడానికి పోయాం. తిరిగొచ్చేసరికి అద్దం మీద పక్కకు తిరిగిన ఒక ముఖం, తల నిండా పొడుగు ఈకలు. చూడ్డానికి బాగుంది. ఫొటోలు దిగాం, స్టేటస్ పెట్టుకున్నాం.

ఊరికి పోయాక మా తాత జీపు చుట్టూ ఒకసారి తిరిగి, అద్దం దగ్గర ఆగి అడిగిండు: "ఈయన ఎవరు బిడ్డా? ఏ ఊరాయన?"

మా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే అది మన మనిషి కాదు. అమెరికా మైదానాల్లో ఉండే మూలవాసీ తెగల పెద్ద. మన దగ్గర దండారీలో గుస్సాడీ పెట్టుకునే నెమలి ఈకల టోపీ అందరికీ తెలుసు. ఆ గుస్సాడీ నాట్యానికే మర్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. అంత పేరున్నదాన్ని ఇంట్లో పెట్టుకుని మనం అమెరికా ఈకలు అంటించుకుని తిరిగాం.

ఇందులో షాపతని తప్పు పెద్దగా లేదు. అతను కంప్యూటర్‌లో "ట్రైబల్" అని కొట్టిండు, వచ్చింది కట్ చేసి ఇచ్చిండు. ఆ మాట కొడితే వచ్చేవి రెండే రకాలు. ఒకటి ఈకల తల. రెండోది బైకు ట్యాంకుల మీద కనిపించే మెలికల మంట లాంటి డిజైన్. అది కూడా బోర్నియో, పాలినేషియా దీవుల పచ్చబొట్ల నుంచి ఎవరో ఎత్తుకుని మార్చిన బొమ్మే. "కొమరం భీం" అని కొడితే 2022లో వచ్చిన సినిమాలోని హీరో ముఖం వస్తుంది. సినిమా మీద మాకు కోపం లేదు. కానీ భీం అంటే మన పిల్లలకు ఆ హీరో ముఖమే గుర్తుండిపోతే ఆ నష్టం ఎవరిది?

ఇంకొక సంగతి. ఆ ఈకల తలపాగా అక్కడ ఎవరు పడితే వాళ్లు పెట్టుకునేది కాదు. ధైర్యంతో, సేవతో సంపాదించుకునే గౌరవం. దాన్ని బొమ్మగా, లోగోగా వాడొద్దని వాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడుతున్నారు. ఆ కొట్లాట వల్లే 2020లో వాషింగ్టన్ ఫుట్‌బాల్ జట్టు తన పాత పేరును, మూలవాసీ తల ఉన్న లోగోను వదులుకుంది. వాళ్లు వద్దని మొత్తుకుంటున్న బొమ్మను ఆదివాసీ దినోత్సవం నాడు మనమే అంటించుకోవడం అంటే మనల్ని మనం తప్పు చూపించుకోవడమే కాదు, వాళ్లనూ అవమానించినట్టే.

అందుకే మా అభిప్రాయం ఇది. మన బండి మీద ఏముండాలో మనమే గీయాలి, మనమే కట్ చేయాలి. అదేమంత కష్టం కాదు, చేసి చూసినం కాబట్టే చెప్తున్నాం.

ఇంట్లో టేబుల్ మీద పెట్టుకునే చిన్న కటింగ్ మెషిన్లు ఉన్నాయి. క్రికట్, సిల్హౌట్ లాంటివి. సైజులో ప్రింటర్ అంత ఉంటాయి. లోపల ఇంకుకు బదులు సన్నటి బ్లేడు ఉంటుంది. మనం గీసిన గీత వెంట అది వినైల్ షీటును కోస్తుంది, వెనకనున్న కాగితాన్ని కోయకుండా వదిలేస్తుంది. ధర ఓ మోస్తరు స్మార్ట్‌ఫోన్ అంత ఉంటుంది. ఒక్కరికి బరువే. మేము మా సీనియర్ అన్న దగ్గర ఉన్నదాన్ని పది రోజులు అడిగి తెచ్చుకున్నాం.

మొదటిది పాడైంది. సిగ్గు లేకుండా చెప్పేస్తున్నాం. "కుమ్రం భీం" అని పెట్టి కోశాం. అక్షరాల చుట్టూ ఉన్న అనవసరమైన వినైల్ పీకేస్తుంటే భ కింది చిన్న గీత కూడా దాంతోపాటే లేచిపోయింది. భీం కాస్తా "బీం" అయిండు. మ కింద వత్తు తగిలిన చోట మెషిన్ అక్షరం మధ్యలోంచి కోసేసింది. తెలుగు అక్షరాలకు ఉన్న చిక్కే ఇది. తలకట్లు, వత్తులు, సున్నాలు చాలా ఫాంట్లలో విడివిడి ముక్కలుగా ఉంటాయి. ఇంగ్లిష్ కోసం చేసిన వీడియోల్లో ఇది ఎవరూ చెప్పరు.

తర్వాత నేర్చుకున్నది చెప్తాం. ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. అందులో పేరు టైప్ చేసి, అక్షరాలను పాత్‌గా మార్చి, యూనియన్ కొట్టాలి. అప్పుడు వత్తు, అక్షరం కలిసి ఒకే ముక్క అవుతాయి. విడిగా ఉండే చిన్న గీతలను కొంచెం లావు చేసి అక్షరానికి ఆనించాలి. బోల్డ్ ఫాంటే తీసుకోవాలి. ముందుగా ఓ మూలన చిన్న చతురస్రం కోసి చూడాలి. వినైల్ తేలిగ్గా లేచి, కింది కాగితం తెగకపోతే బ్లేడు సరిగ్గా ఉన్నట్టు.

షీటు కొనేటప్పుడు ఎండకు, వానకు తట్టుకునే పర్మనెంట్ రకం అడగండి. ఉదాహరణకు ఒరాకల్ కంపెనీలో 651 బయట వాడేది, 631 లోపల గోడలకు వాడేది. తక్కువకు వస్తుందని రెండోది తెస్తే మన ఎండకు అంచులు లేస్తాయి. అద్దం మీదికి తెలుపు రంగు బాగా కనిపిస్తుంది, ఎందుకంటే బండి లోపలంతా చీకటిగా ఉంటుంది.

అతికించేటప్పుడు అద్దాన్ని శుభ్రంగా కడిగి తుడవాలి. స్టిక్కర్ మీద అప్లికేషన్ టేప్ వేసి మొత్తం ఒకేసారి ఎత్తాలి. సబ్బు నీళ్లు కొద్దిగా చల్లి పెడితే వంకర పోయినా జరుపుకోవచ్చు. పాత ఏటీఎం కార్డుతో మధ్య నుంచి అంచులకు నీళ్లు నెట్టి, ఆరాక టేపును మెల్లగా తీయాలి. మధ్యాహ్నం ఎండలో ఈ పని పెట్టుకోవద్దు. ఒకటి రెండు రోజులు బండి కడగొద్దు. పీకేసిన వినైల్ ముక్కలు ప్లాస్టిక్, వాటిని పొయ్యిలో వేయొద్దు. ఆ పొగ విషం.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో గోండీ లిపిలో రాసిన పాత చేతిరాత పుస్తకాలు దొరికాయి. ఆ గుంజాల గోండీ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. నోటో సాన్స్ గుంజాల గోండీ అనే ఫాంటును ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. మంగేయి గొమాంగో 1936లో తయారు చేసిన సొరాంగ్ సొంపెంగ్ లిపి కూడా 2012 నుంచి యూనికోడ్‌లో ఉంది. అంటే సవర తమ్ముళ్లకూ దారి ఉంది. కానీ ఈ లిపులతో రాయమని ఏ రేడియం షాపులో అడిగినా కంప్యూటర్‌లో డబ్బాలు వస్తాయి. వాళ్ల దగ్గర ఫాంటు ఉండదు, ఉన్నా పాత సాఫ్ట్‌వేర్ చూపించదు. మనమే ఇంట్లో టైప్ చేసి పాత్‌గా మారిస్తే అది ఇక అక్షరం కాదు, ఉత్త గీత. ఆ ఫైలును ఏ మెషిన్ అయినా, ఏ షాపు అయినా కోయగలదు. మెషిన్ కొనలేని వాళ్లు కూడా ఫైలు తీసుకుపోయి "అన్నా, ఇది ఉన్నదున్నట్టు కోసియ్యి" అనొచ్చు.

మా రెండో స్టిక్కర్ మీద మా ఊరి పేరు గోండీ లిపిలో ఉంది. దారిలో ఆపి "ఇదేం భాష?" అని అడిగేవాళ్లకు డ్రైవర్ అన్న జవాబు చెప్తున్నడు. ఆయనకు చదవడం రాదు, మేము చెప్పినంక నేర్చుకుంటున్నడు. పోయినేడు మా దగ్గర లేని జవాబు ఇప్పుడు ఆయన దగ్గర ఉంది.

ఈ మాట మా సీనియర్ అన్నల దగ్గర చెప్తే ఒకన్న సూటిగానే అన్నడు: "స్టిక్కర్లు అంటిస్తే భూములొస్తాయారా? జీవో 3 కొట్టేసి ఏండ్లయింది, పోడు పట్టాల గోస తీరలేదు, మీరు వినైల్ పట్టుకుని కూర్చున్నరు." ఆ మాటలో నిజముంది, మేము కాదనం. స్టిక్కర్‌తో ఏ భూమీ రాదు. 2020లో సుప్రీంకోర్టు కొట్టేసిన జీవో 3 వెనక్కి రాదు. కానీ స్టిక్కర్లు మనం ఎట్లాగూ వేస్తున్నాం, డబ్బులు ఎట్లాగూ పెడుతున్నాం. ఆ డబ్బుతో తప్పు బొమ్మ ఎందుకు వేయాలి? అన్న మాటనే పట్టుకుని మేము ఇంకొకటి చేశాం. "1/70" అని మూడు అంకెలు, ఒక గీత. కోయడం చాలా సులువు, తలకట్టు బాధే లేదు. గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండా ఆపే 1970 నాటి ఆ చట్టం పేరు మన జీపు మీద ఉంటే, సంతకు పోయే ప్రతివాడూ చూస్తడు. "అంటే ఏంది?" అని మన పిల్లలే మనల్ని అడుగుతరు. అడిగితే చెప్పడానికి మనమూ చదువుకోవాల్సి వస్తది. ఆ అన్న ఇప్పుడు తన బైకుకు అదే అడిగిండు.

ఏది పెట్టకూడదో కూడా మాట్లాడుకోవాలి. పెన్‌కు సంబంధించిన గుర్తులు, నాగోబా పూజకు సంబంధించినవి, పెద్దలను అడగకుండా స్టిక్కర్లుగా వేయొద్దని మా మాట. గుస్సాడీ టోపీ గీసినప్పుడు మేము ఊరి పటేల్‌ను, కటోడాను అడిగాం. వెనక అద్దం మీద వేయండి గానీ మడ్‌గార్డు మీద, కాళ్లు తగిలే చోట వద్దన్నారు. న్యాయమైన మాట. మీ ఊళ్లో పెద్దలు అసలే వద్దంటే వద్దు, అంతే. పేర్లు కూడా అడిగే రాయండి. కొమురం, కొమరం, కుమ్రం అని ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తున్నారు. ఆ ఇంటిపేరున్న వాళ్లు మన మధ్యనే ఉన్నారు, ఒక్క ఫోన్ చేస్తే పోతుంది. భీం బొమ్మ కావాలంటే జోడేఘాట్ పోయి విగ్రహం ఫొటో మనమే తీసి, దాని నుంచి గీసుకుందాం.

పోలీసుల సంగతి కూడా. నియమాల ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలి. 2012లో సుప్రీంకోర్టు అద్దాలకు నల్ల ఫిల్ములే కాదు, వేరే మెటీరియల్ కూడా అతికించొద్దని చెప్పింది. కాబట్టి ముందు అద్దం ముట్టొద్దు, నంబర్ ప్లేటు ముట్టొద్దు. వెనక అద్దం మీద వేస్తే కింది మూలన చిన్నగా వేయండి. పెద్దది కావాలంటే డోరు మీద, బాడీ మీద వేయండి. చలాన్ పడితే మన ర్యాలీకే చెడ్డ పేరు.

చివరగా మా ప్రతిపాదన. ప్రతి ఒక్కరూ మెషిన్ కొనాలని మేము అనడం లేదు. ఒక్కో హాస్టల్లో పది, పదిహేను మంది కలిసి ఒకటి కొనొచ్చు. డిజైన్ ఫైళ్లు అందరికీ అందేలా ఒకే చోట పెడదాం. గోండు, కోయ, కొలాం, సవర, ఏ తెగ వాళ్లు ఆ తెగ బొమ్మలు గీసి, పెద్దలకు చూపించి పెట్టండి. ఊరి పేరు లిపిలో రాయాలంటే మేము టైప్ చేసి, పాత్‌గా మార్చి ఇస్తాం, పైసా అక్కర్లేదు. లిపి బాగా వచ్చిన వాళ్లు మేము రాసినవి ఒకసారి సరిచూడండి, మావీ తప్పులు ఉండొచ్చు.

పాత స్టిక్కర్‌ను హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి పీకేశాం. పీకుతుంటే తాత పక్కనే నిలబడ్డడు. "పాపం, ఆయన్ను ఆయన ఊరికి పంపిండ్రా?" అన్నడు.

పంపినం తాతా.

జై ఆదివాసీ. జై సేవా.